రెండో పిలుపు

నెమురిసావా,
డిసెంబర్, మొదటి మంచు పడిన రోజు

చిరంజీవి ఫుకీకి,

ముందుగా నా రాత సంగతి. చూసి నవ్వుకుంటే నవ్వుకో, మీ అమ్మకి మాత్రం చూపించకు. జీవితమంతా రంపం పట్టిన వేళ్ళలో కలం నిలవదు, జారిపోతుంది. మా ఊరి బడిలో నేర్చుకుంది కొంచెం, మరిచిపోయింది ఎక్కువ. తప్పులు ఎక్కడున్నాయో తెలిస్తే నేనే దిద్దుకునేవాణ్ణి. కష్టమైన అక్షరం వచ్చిన చోటల్లా తేలిక అక్షరాలతో నెట్టుకొచ్చాను. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం అవుతోంది. పక్కింటి కికునో అక్క నిన్న కంచె మీదుగా అడిగింది.

"ఏరా కిసబురో, పిల్లకి జవాబు రాశావా?"

"రాస్తా."

"నువ్వు రాసేలోపు దానికి మనవలు పుడతారు."

అందుకని ఇవాళ కూర్చున్నాను.

ఇక్కడంతా బాగానే ఉంది. ముల్లంగి దుంపలు చూరుకి వేలాడదీశాను. ఈసారి బాగా లావెక్కాయి. నువ్వు వేసవిలో వచ్చి ఆకులు రాలేదాకా పడుకున్న గది తలుపు మూసే ఉంచాను, చలి చొరబడకుండా. పొద్దున అలవాటుకొద్దీ రెండు గిన్నెలు తీస్తున్నాను. ఒకటి మళ్ళీ పెట్టేస్తున్నాను.

నువ్వు గీసి పంపిన బొమ్మల కథ చూశాను. కుడి నుంచి ఎడమకా, పై నుంచి కిందకా అని కాసేపు తికమకపడ్డాను. బాగుంది. కళ్ళు అంత పెద్దవెందుకు వేశావు? కికునో అక్క చూసి, "పాపం, ఈ పిల్లని కళ్ళ డాక్టరుకి చూపించారా?" అంది. చివరి బొమ్మలో కుర్రాడి నోటి పక్కన మాట రాసే బుడగ ఖాళీగా ఉంది. రాయడం మరిచిపోయినట్టున్నావు, చూసుకో.

కొండ మీద వాగు మలుపు దాకా వెళ్ళావా, ఎవరైనా కనబడ్డారా అని అడిగావు. మంచు పడుతోంది. మోకాలు కూడా నొప్పిగా ఉంది.

బడి మానకు. మళ్ళీ మానేశావని మీ అమ్మ ఫోన్ చేస్తే నాకేం చెప్పాలో తెలియదు.

మీ తాతయ్య


టోక్యో, అదాచి
డిసెంబర్ నెలాఖరు

తాతయ్యా,

నీ రాత నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిదల్లా నువ్వు రాయనిదే. నేను అడిగింది ఒక్కటి. నువ్వు చెప్పింది ముల్లంగి.

ఆ బుడగ ఖాళీగా ఉండటం పొరపాటు కాదు. అందులో ఏ మాట ఉండాలో నాకు తెలుసు. రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. ఎందుకో చెబుతాను. అమ్మకి కూడా చెప్పలేదు.

వేసవిలో నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేను దేవదారు తోట దాటి వాగు మలుపు దాకా వెళ్ళేదాన్ని. అక్కడ ఒక అబ్బాయి ఉండేవాడు. నా వయసే ఉంటుంది. జుట్టులో ఎప్పుడూ తడి నాచు. మొదటిరోజు "ఎవరు?" అని అడిగాడు. ఫుకి అని చెప్పాను. మర్నాడు నేను అదే ప్రశ్న అడిగి, "నువ్వు కూడా అడుగు, మళ్ళీ పరిచయం చేసుకుందాం" అని ఆట పట్టించాను. నోరు తెరిచాడు, మూసేశాడు. నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అతను ఒక మనిషితో ఒక మాట ఒక్కసారే అనగలడు. అన్నాక ఆ మాట అయిపోతుంది.

వాగుని చూపించి "గల" అన్నాడు. గలగల అనలేడు. ఎండ పడ్డ నీళ్ళని చూసి "మిల" అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాను. అతనికి కోపం రాలేదు, తనూ నవ్వాడు. "రేపు" అన్న మాట మూడోరోజే అనేశాడు. ఇక ఆ తర్వాత ఏ రోజూ రేపు వస్తానని చెప్పలేడు. నేను వెళ్ళి చూసుకోవాల్సిందే. రోజూ వచ్చేవాడు.

నేను తెలివితక్కువదాన్ని తాతయ్యా. అతని మాటలన్నీ అల్లరికి ఖర్చు చేయించాను. ఇదేంటి అంటే "కప్ప". అదేంటి అంటే "పుట్టగొడుగు". ఆకులు ఎర్రబడే నాటికి ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం. నేను బొమ్మలు గీసేదాన్ని, అతను చూసేవాడు. స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడకపోతే నేను అక్కడ లేనట్టే అనిపించేది. అతను మాట్లాడకపోతే అలా అనిపించేది కాదు.

అమ్మ వచ్చి నన్ను తీసుకెళ్ళే ముందురోజు సాయంత్రం కొండ దిగుతున్నాను. వెనక నుంచి "ఫుకీ" అని వినబడింది. ఒక్కసారి.

నువ్వేగా నాకు నేర్పింది? కొండలో ఎవరైనా పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే పలకొద్దు, తిరిగి చూడొద్దు, మనిషైతే రెండోసారి పిలుస్తాడు, అప్పుడు పలుకు అని. నువ్వు చెట్టు కొట్టేటప్పుడు కూడా "హోయ్, హోయ్" అని రెండుసార్లు అరుస్తావు. ఫోన్ ఎత్తితే "మొషి మొషి" అంటాం కానీ ఒక్క "మొషి" అనం. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వెనక్కి తిరక్కుండా, బుద్ధిమంతురాలిలా, రెండో పిలుపు కోసం నిలబడ్డాను.

రాలేదు. రాదని నాకు తెలియాలి కదా! గుర్తొచ్చి తిరిగి చూసేసరికి దారి మీద ఎవరూ లేరు.

అంతకుముందు అతను నా పేరు ఎప్పుడూ అనలేదు. దాచుకున్నాడు. అది కూడా అయిపోయింది.

వెళ్ళి చూడవూ? ఉన్నాడా, లేడా? ముల్లంగి సంగతి వద్దు.

ఫుకి


నెమురిసావా,
జనవరి

ఫుకీకి,

నీ ఉత్తరం పొయ్యి పక్కన పెట్టుకుని చాలాసార్లు చదివాను.

నాకు తెలుసు. కొండలో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. మేము వాణ్ణి ఒంటికేక అంటాం. గట్టిగా అనం, మెల్లగా అంటాం.

పెళ్ళి కాకముందు ఒకసారి నేను పెద్ద దేవదారు కొడుతున్నాను. చెట్టు అనుకున్న వైపు కాకుండా నా వైపు ఒరిగింది. నేను చూసుకోలేదు. పొదల్లోంచి "పక్కకి!" అని ఒక్క కేక. దూకాను. లేచి చూస్తే ఎవరూ లేరు. ఆ మాట నాకోసం ఖర్చు పెట్టాడని ఇప్పుడు నీ ఉత్తరం చదివాక తెలిసింది. అప్పుడు వాడి గొంతు కుర్రాడి గొంతే. ఇప్పటికీ అదేనన్నమాట.

ఒంటికేకకి పలికినవాళ్ళు కొండలోకి వెళ్ళిపోతారు, తిరిగి రారు అంటారు. మా నాన్న నాకు చెప్పాడు. నేను మీ అమ్మకి చెప్పాను. నీకు చెప్పాను. ఎవరైనా పోయారా అంటే పేర్లు చెప్పలేను. అయినా చెప్పాను. నువ్వు ఒక్కదానివే కొండల్లో తిరుగుతుంటే నాకు వేరే ఏం చేతనవుతుంది?

నువ్వు అడిగినదానికి జవాబు. ఉన్నాడు.

మా పెరట్లోంచి చూస్తే వాగు మలుపు పైన తెల్లటి వాలు కనబడుతుంది. నువ్వు వెళ్ళినప్పటి నుంచి అక్కడో నల్లటి చుక్క ఉంది. మొద్దు అనుకున్నాను. కానీ మొద్దు మీద మంచు పేరుకుంటుంది. దాని మీద పేరుకోవడం లేదు. చెబితే నువ్వు బడి మానేసి పరిగెత్తుకొస్తావని డిసెంబర్‌లో రాయలేదు. బస్సు కూడా కింద ఊరి దాకానే వస్తోంది.

మంచు పైపొర గట్టిపడితే నడవచ్చు. అప్పుడు వెళ్తాను. నువ్వు రావద్దు.

తాతయ్య


టోక్యో, అదాచి
ఫిబ్రవరి మొదట్లో

తాతయ్యా,

రావద్దన్నావు కాబట్టి రాలేదు. నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇక్కడ సంగతులు అడగవని నాకు తెలుసు, నేనే చెబుతాను. రోజూ స్కూలుకి వెళ్తున్నాను. హాజరు తీసుకుంటూ టీచర్ నా పేరు ఒక్కసారే పిలుస్తారు. నేను పలకను. రెండోసారి పిలుస్తారేమో అని చూస్తాను. నీ పెంపకం! క్లాసంతా నవ్వుతుంది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మేడమ్, ఆవిడకి ఇంకా సిగ్నల్ అందలేదు" అంది. ఈ నెల రోజుల్లో నా గురించి ఎవరైనా అన్న మాట అదొక్కటే.

రైల్లో అంతమంది ఉంటారు కదా, ఒకరి భుజం ఒకరికి తగులుతూ. ఒక్కరూ ఎవర్నీ పిలవరు. నాకు వాగు మలుపే జనం ఎక్కువున్న చోటులా అనిపిస్తోంది.

బొమ్మల కథ మళ్ళీ మొదటి నుంచి గీస్తున్నాను. కొత్తవాళ్ళ పోటీకి పంపాలి. అతని జుట్టు కుదిరింది, చేతులు కుదిరాయి. ఆ ఒక్క గడిలో అమ్మాయి వెనక్కి తిరక్కుండా నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు గీసినా నాకు ఆ అమ్మాయి వీపు మీద కొట్టాలనిపిస్తుంది.

నువ్వు వెళ్ళినప్పుడు అతన్ని ఇది అడుగు. ఇంత ఆలస్యంగా పలికితే చెల్లుతుందా? నీతో అతనికి మాటలు బోలెడు మిగిలి ఉంటాయి. నువ్వు ఎవరి మాటలూ ఖర్చు చేయించవు కదా.

మోకాలికి గుడ్డ చుట్టుకుని వెళ్ళు.

ఫుకి


నెమురిసావా,
ఫిబ్రవరి నెలాఖరు

ఫుకీకి,

వెళ్ళి వచ్చాను. మోకాలు బాగానే ఉంది.

వాడు నువ్వు చెప్పినట్టే ఉన్నాడు. వాలు మీద నిలబడి నువ్వు దిగిన దారి వైపు చూస్తున్నాడు. కాళ్ళ చుట్టూ మంచు లేదు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపు ఇద్దరం ఆ దారినే చూశాం. నాకు అది హాయిగానే ఉంది. తర్వాత నీ ప్రశ్న గుర్తొచ్చింది.

"చలి వెయ్యడం లేదా?" అన్నాను.

"అలవాటు."

అన్నం ముద్ద పట్టుకెళ్ళాను, సగం ఇచ్చాను. నమిలి, "ఉప్పు" అన్నాడు. ఎక్కువైందా తక్కువైందా అన్నది చెప్పలేదు.

"ఇక్కడెందుకు నిలబడ్డావు?"

"పిలిచాను."

"మా పిల్ల ఊరెళ్ళిపోయింది కదా."

"తెలుసు."

"మరి, పలక్కపోతే ఏమవుతుంది?"

వాడు వాగు అవతలి గట్టు చూపించాడు. నాకు అర్థం కాలేదు. నన్ను అరవమని సైగ చేశాడు. "హోయ్, హోయ్" అన్నాను. గట్టు నాకు "హోయ్, హోయ్" అని తిరిగి ఇచ్చింది, ఎప్పుడూ ఇచ్చేట్టే.

"అన్నలు," అన్నాడు వాడు.

ఫుకీ, నేను ఇన్నేళ్ళు ఆ కొండల్లో అరిచాను. ప్రతిధ్వని అనుకున్నాను. వాళ్ళంతా ఒకప్పుడు ఎవరినో పిలిచి జవాబు రానివాళ్ళట, సైగలతో చెప్పాడు. తమ మాట పోయి, ఎవరు ఏమంటే అది తిరిగి అనడమే మిగిలింది.

"నువ్వెప్పుడు అలా అవుతావు?"

"దేవుడు దిగగానే."

దేవుడు దిగే రోజున నువ్వు ఎప్పుడూ ఇక్కడ లేవు. మార్చి పదహారున కొండదేవుడు పొలాల్లోకి దిగుతాడు. ఊళ్ళో పిండి దంచి పదహారు ఉండలు చేసి పెడతాం. రోకటి చప్పుడు విని ఆయన దిగుతాడు. ఆ లోపల నువ్వు పలకాలి.

ఇంత ఆలస్యంగా పలికితే చెల్లుతుందా అని అడిగాను. చెల్లుతుందన్నట్టు గట్టిగా తల ఊపాడు. చూస్తే జాలేసింది.

"పలికినవాళ్ళు కొండలో కలిసిపోతారట కదా?"

"అబద్ధం."

"ఎవరు పుట్టించారు?"

"భయం."

నాకు సిగ్గేసింది. తల దించుకున్నాను.

"మరి మా పిల్ల పలికితే ఏమవుతుంది?" అన్నాను. ఈసారి చాలాసేపు ఆలోచించాడు, నాతో ఇంకా అనని మాటల్లో ఏది ఇవ్వాలా అని.

"వస్తాను."

"ఎక్కడికి? టోక్యోకా? అక్కడ రైళ్ళు, జనం, ఊపిరాడదు."

"పర్లేదు."

ఇంతే జరిగింది. ఉన్నదున్నట్టు రాశాను. పలుకు అని నేను చెప్పను, పలకొద్దనీ చెప్పను. నీ పేరు నీది. కానీ పిలిచినవాణ్ణి అలా నిలబెట్టి ఉంచడం చూడలేకపోయాను.

తాతయ్య


టోక్యో, అదాచి
మార్చి

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి బ్యాగు సర్దేశాను. అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. పోయిన ఏడాది అన్ని రోజులు మానేశాను కదా, ఈ పరీక్షలు రాయకపోతే ఇదే తరగతిలో ఉంచేస్తారట. "ఇంకో ఏడాది నిన్ను అలా చూడలేను" అని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ.

బ్యాగు విప్పేశాను. పదిహేనున చివరి పరీక్ష. పదహారున మొదటి రైలు ఎక్కుతాను. సాయంత్రంలోగా అక్కడ ఉంటాను. అంతవరకూ రోకలి ఆపగలవా?

ఒకటి నిజం చెప్పనా? బ్యాగు విప్పుతుంటే కొంచెం ఊరటగా కూడా అనిపించింది. అతను నాకోసం కొండ వదిలి వస్తాడు. వచ్చి ఏం చూస్తాడు? లంచ్ బాక్స్ పట్టుకుని మెట్ల కింద ఒక్కతే తినే పిల్లని. అది చూసి కూడా పర్లేదంటాడా? ఆ మాట నీతో అనేశాడు, నాతో ఇంకా అనలేదు. అంటాడనే అనుకుంటున్నాను.

రోకలి ఆపు తాతయ్యా.

ఫుకి


నెమురిసావా,
మార్చి, రెండో వారం

ఫుకీకి,

పరీక్ష రాసే రా. మీ అమ్మ మాట విన్నావు, మంచిదే.

ఊళ్ళో ఇప్పుడు రోకలి ఉన్న ఇళ్ళు రెండే. ఒకటి మనది. రెండోది కికునో అక్కది. ఆవిడ ఏటా తెల్లవారకముందే మొదలుపెడుతుంది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఏరా, చలిగాలి లోపలికి తెస్తున్నావు. లోపలికైనా రా, బయటికైనా పో."

లోపలికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. వాగు మలుపు, నీ పేరు, రెండో పిలుపు, అన్నలు, అన్నీ. టీ చల్లారిపోయింది. ఆవిడ తన అలవాటుకి విరుద్ధంగా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

చివరికి అంది, "నీ పెళ్ళప్పుడు కూడా నువ్వు ఇంతసేపు మాట్లాడలేదురా."

"సాయంత్రం దాకా ఆపుతావా?"

"నేను ఆపేది రోకలినా, దేవుణ్ణా? పొలం దిగాల్సిన దేవుణ్ణి కొండమీద కూర్చోబెడితే పంట ఎవడు చూస్తాడు, నువ్వా?"

చల్లారిన టీ ఒక గుక్క తాగాను. ఆవిడే మళ్ళీ అంది, "దీపం పెట్టే వేళ దాకా ఆగుతాను. అంతకన్నా ఆగితే ఆయన రాత్రంతా మంచులో ఉండాలి. అది నావల్ల కాదు. పిల్లని త్వరగా రమ్మను."

కింద ఊరి స్టేషన్‌కి వస్తాను. నీకోసం మంచులో నడిచే చెప్పులు అల్లాను.

తాతయ్య


తిరుగు రైల్లో,
మార్చి

తాతయ్యా,

మొన్న కొండ దిగుతున్నప్పుడు దారి పొడుగునా నువ్వు ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇంట్లో అన్నం వడ్డించావు, పక్క వేశావు, అప్పుడూ అడగలేదు. అడగవు కాబట్టి రాస్తున్నాను.

రైలు మంచులో ఆగిపోయినప్పుడు కిటికీలోంచి దూకి నడుద్దామనుకున్నాను. అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. స్టేషన్లో నువ్వు చెప్పులు పట్టుకుని నిలబడ్డావు చూడు, ఆలస్యమైందని ఒక్క మాట అనకుండా వంగి నా కాళ్ళకి కట్టడం మొదలుపెట్టావు.

దేవదారు తోట దగ్గర నువ్వు ఆగిపోయి, "ఇక్కడి నుంచి నువ్వే" అన్నావు. నేను పరిగెత్తాను. వాలు సగం ఎక్కేసరికి కింద నుంచి వినబడింది. దబ్. దబ్. కికునో బామ్మ ఎంత మెల్లగా దంచుతోందో అర్థమైంది. అయినా వినబడింది. నేను అక్కడి నుంచే "ఆఁ! ఆఁ!" అని అరుస్తూ ఎక్కాను. గాలి ఎదురు వీచి నా కేకని వెనక్కి నెట్టేస్తోంది.

మలుపు దగ్గర అతను లేడు. రెండు పాదాలంత నేల మంచు లేకుండా ఉంది. తాకి చూశాను. వెచ్చగా ఉంది తాతయ్యా.

అక్కడ నిలబడి మళ్ళీ "ఆఁ" అన్నాను. ఇవతలి గట్టు నుంచి "ఆఁ" అని వచ్చింది. ఆ వైపు నుంచి ఇదివరకెప్పుడూ ఏమీ తిరిగి వచ్చేది కాదు, నీకు తెలుసు.

"క్షమించు" అన్నాను. "క్షమించు" అన్నాడు. నువ్వెందుకు అంటావని ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా తిరిగి వచ్చింది. అందుకని ఆపేశాను. "గలగల" అన్నాను. "గలగల" అన్నాడు. మొదటిసారి! "మిలమిల" అన్నాను. అదీ అన్నాడు. నవ్వాను. ఇద్దరం నవ్వాం.

తర్వాత కొండకి వీపు పెట్టి నిలబడ్డాను, ఆ రోజు నిలబడ్డట్టే. "ఫుకీ" అని నేనే అరిచాను. ఆగాను.

"ఫుకీ," అని వెనక నుంచి వచ్చింది.

రెండో పిలుపు. అప్పుడు తిరిగాను. "వచ్చాను" అన్నాను. "వచ్చాను" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో మాట అన్నాను. అది నీకు రాయను. అతనూ అన్నాడు. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు అన్నాడు. గొంతు పోయేదాకా నేనే ఆపలేదు.

నేను ముందు అంటేనే అతను అనగలడు. అది నాకు తెలుసు. నేను అనకపోతే ఆ కొండ ఊరికే ఉంటుంది. ఇప్పుడు రైలు సొరంగంలో ఉంది, నాకు వేరే ఏమీ తోచడం లేదు.

ఫుకి


నెమురిసావా,
ఏప్రిల్

ఫుకీకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాయని మాట ఏమిటో నేను అడగను.

మంచు కరుగుతోంది. కికునో అక్క ఆ సాయంత్రం తర్వాత రెండు రోజులు మన ఇంటి వైపు రాలేదు. మూడోరోజు పదహారు ఉండల్లో మిగిలినవి మూట కట్టుకుని వచ్చి, "పైకి తీసుకెళ్ళు నన్ను" అంది. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. మలుపు దగ్గర నిలబడి, "ఇంకాసేపు ఆగలేకపోయాను రా నాయనా" అంది. అదే మాట తిరిగి వచ్చింది. వాడు ఆవిడకి క్షమాపణ చెప్పినట్టే ఉంది. ముసల్ది అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని వాణ్ణి తిట్టింది, ఇంత చలిలో అలా నిలబడతావా అని. వాడూ తిట్టాడు. అప్పటి నుంచి ఆవిడ మనసు కాస్త కుదుటపడింది.

నేను రోజూ వెళ్తున్నాను. ఎవరో ఒకరు మాట్లాడకపోతే వాడు నోరు విప్పలేడు కదా. కానీ నా సంగతి నీకు తెలుసు. మొదటిరోజు పేరు చెప్పాను. రెండోరోజు ఎండ బాగుందన్నాను. నిన్న ఏమీ తోచక "ముల్లంగి" అన్నాను. వాడూ "ముల్లంగి" అన్నాడు. ఇద్దరికీ నచ్చలేదు. మీ అమ్మమ్మతో అన్నన్ని మాటలు కూడా అయిపోయాయి, అవీ ఎక్కువ లేవు.

వాడికి కావాల్సినవి నా నోట్లో లేవు. నీ దగ్గర ఉన్నాయి. అందుకని ఒకటి అనుకున్నాను. నువ్వు ఉత్తరం రాయి. బడి గురించి రాయి, మెట్ల కింద ఏం తిన్నావో రాయి, పోటీకి పంపిన బొమ్మల సంగతి రాయి. నాకు చెప్పనన్న మాట కూడా రాయి. పైకి పట్టుకెళ్ళి మలుపు దగ్గర నిలబడి గట్టిగా చదువుతాను. చదవడానికి సిగ్గుపడే మాటలైనా మింగకుండా చదువుతాను. వాడు నీ మాటలే అంటాడు, నా గొంతు అరువు తీసుకుని.

అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి, కళ్ళద్దాలు పాతబడ్డాయి. త్వరగా రాయి, ఇక్కడ ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

మీ తాతయ్య